దోర

గిరింపేట సందులో, పంచర్ల అంగడి పక్కన
నా ప్రింటింగ్ షాపు. పది అడుగుల వెడల్పు.
మీరంతా అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటారు,
నేను అద్దం లోపల పనిచేస్తాను.
ఏ పేరైనా ముందు నా కాగితం మీద
కుడి ఎడమై, ఎడమ కుడై
బోర్లా పడుకోవాల.
బట్ట మీదికి తిరగబడినాకే దానికి నోరొస్తుంది.

జూన్‌లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆర్డరు.
నాలుగు వందల టీషర్టులు, వీపున పెద్ద నంబర్లు.
రోడ్డు పొడుగునా తోతాపురి లారీలు,
ఊరంతా పులుపూ తీపీ కలిసి కుళ్లే వాసన,
ఈగలు నా ఇంకు డబ్బా మీద వాలి
అక్కడే ఉండిపోయేవి.
తొందర. కాయ ఆగదు గదా.
స్క్రీను మీద రబ్బరు పట్టీ లాగి లాగి
కుడి భుజం నాది కాకుండా పోయింది.
కాగితాల్ని వేడి పెట్టెలో బాగా కాల్చినాను,
పిడకల్లాగ, గలగలమనేదాకా.
ఎంత కాలితే అంత గట్టి అనుకున్నా.

మూడోవారం మొగిలమ్మ వచ్చింది.
తడి టీషర్టు నా ముందర పరిచి
"చదువన్నా" అనింది.
పదమూడు, అన్నాను.
"నేను పద్దెనిమిది."

ఎనిమిదికి ఎడం సగం రాలిపోయి
వాళ్ల ఉతుకుడు బండకు అతుక్కుంది.
"మూడు దినాలుగా నా కూలీ
పదమూడుకు రాస్తా ఉండాడు సూపర్‌వైజరు.
ఆయమ్మ నవ్వతాది గానీ ఇయ్యదు."

నాకూ నవ్వొచ్చింది. ఆమె వేళ్లు చూసి మింగేసినాను.
మామిడి సొనకు కాలి, కొసలు తెల్లగా పొక్కి ఉన్నాయి.
ఆ వేళ్లతోనే బండ మీది ముక్కను గీకి
వక్కాకు పొట్లంలో మడిచి తెచ్చింది.
"దీన్నే మళ్లా అంటించు."

అంటదమ్మా.

ఆ రాత్రి తిరుత్తణిలో సెల్వమణి మేస్త్రీకి ఫోను చేసినా.
సగం అరవం, సగం తెలుగు, నిండా తిట్లు.
"కాగితం మీదే పండించేస్తివా?
ఇంక బట్ట మీద పండేదానికి ఏం మిగిలె?
దోరగా ఉండాల రా, దోరగా!
వేలికి అంటకూడదు, గోరుకు దిగాల.
తడి ఆరకముందే జిగురు పొడి చల్లు,
దులుపు, అప్పుడు పెట్టెలో పెట్టు,
నూటపది దాటకముందే తీసేయి.
మిగతా సగం ప్రెస్సు కింద, నూలు సందుల్లో పండాల."

పుట్టినకాడి నుంచి మామిడి తోటల నడుమ ఉన్నోణ్ణి,
దోర అంటే ఏందో ఫోనులో చెప్పించుకున్నా.

తెల్లారేదాకా కాగితాలు చెడగొట్టినాను.
తొమ్మిదోది గోరుకు దిగింది, వేలికి అంటలేదు.
నా పాత బనీను మీద నొక్కి,
సోడా కలిపిన వేణ్ణీళ్లలో ముంచి
వీధి కొళాయి కాడ ముప్పై మార్లు బాదినాను.
పాలబ్బాయి నిలబడి చూసి
ఏమీ అడక్కుండా పోయినాడు.
సాగదీస్తే అక్షరం కూడా సాగింది,
వదిలితే వెనక్కొచ్చింది. పగల్లేదు.

నాలుగు వందలూ మళ్లా చేసినాను. డబ్బులు రాలేదు.
ప్రెస్సు మూత దించి అంతకుముందు
పదిహేను లెక్కపెట్టేవాణ్ణి,
ఇప్పుడు పద్దెనిమిది.

మొగిలమ్మ కొత్తది అందుకొని
రెండు చేతులా గుంజింది, గోరుతో గీకింది,
కడాన వాసన చూసింది ఎందుకో.
మూడు దినాల కూలీ నేనిస్తానంటే
"నీ తప్పు సగమే" అనింది.
తక్కిన సగం ఎవరిదో చెప్పలా,
నేనిచ్చిన సగం మాత్రం లెక్కబెట్టి కొంగున ముడేసింది.

మరుసటేడు పూత రాలే దినాల్లో
మురకంబట్టు కాడ ఆమె టీ బంకులో ఆగినా.
మరిగే గిన్నెను పట్టి దించతా ఉంది,
చేతిలో మసిగుడ్డ. రంగు లేదు, అంచు లేదు,
ఎన్ని చోట్ల చినిగిందో.
మసి నడుమ ఆ నంబరు,
ఒకటి, పక్కన ఎనిమిది.
ఎనిమిదికి రెండు పక్కలూ ఉన్నాయి.